రెండు గోడల నడుమ నూగు

మా యారాలు, అంటే మా ఆయన అన్న భార్య, భర్తతో, పాపతో గల్ఫ్ నుంచి వచ్చేసిన చాలా రోజులకు ఆమె సామాను ఓడలో వచ్చింది. నిజామాబాద్‌లో మా ఇల్లున్న గల్లీలోకి లారీ పట్టదు. మూల మీదే దించి, హమాలీలు తోపుడుబండి మీద పెట్టి తెచ్చారు. పరుపులు, గిన్నెల మూటలు, పాప సైకిలు, వాటి నడుమ తెల్లటి పెద్ద మిషను ఒకటి. బట్టలు ఉతికేది కాదు, ఆరబెట్టేదని చెబితే మా అత్త మెట్ల మీద కూలబడి నవ్వింది.

"మన ఎండలకు మనుషులే ఆరిపోతుండ్రు. బట్టలకు మిషనెందుకే?"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ వానాకాలమే నాకు కొడుకు పుట్టాడు.

నా పుట్టిల్లు రుద్రూర్ పక్కన. చెరుకు నరికాక చేలల్లో ఆకు తగలబెట్టే రోజుల్లో నల్లటి మసి గాలికి తేలి వచ్చి దండెం మీది బట్టలపై వాలేది. దులిపితే చారలు పడేవి. గాలి ఎటు తిరిగిందో చూసుకున్నాకే మా అమ్మ ఉతుకు మొదలుపెట్టేది. బట్టలారేయడంలో ఆ ఒక్క చిక్కే నాకు తెలుసు. పట్నంలో, చుట్టూ మిద్దెలు లేచిన ఇంట్లో, ముసురు పట్టినప్పుడు పసివాడి గుడ్డలు ఆరకపోవడమంటే ఏమిటో అప్పుడే తెలిసింది. ఫ్యాను కింద, కుర్చీల మీద, తలుపు రెక్కల మీద ఎక్కడ చూసినా గుడ్డలే. సగం తడివాటిని ఇస్త్రీ చేసి కట్టేదాన్ని. పిల్లాడికి తొడల దగ్గర చర్మం రేగి, ముట్టుకుంటే ఏడ్చేవాడు.

ఒక పొద్దున అక్క ఏమీ అనకుండా నా బకెట్ పట్టుకుపోయింది. యారాలిని నేను అక్కా అనే పిలుస్తాను. కాసేపటికి గుడ్డలన్నీ మడతపెట్టి తెచ్చి నా మంచం మీద పెట్టింది. వెచ్చగా ఉన్నాయి. బాలింతనని కూడా చూసుకోకుండా వాటిలో ముఖం పెట్టుకుని ఏడ్చాను.

"పిచ్చిదానా, రోజు ఇయ్యి," అంది.

ఆ మిషను వాడకం నేర్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. దాన్ని బాగా ఉంచుకోవడమే పెద్ద పని. "మిషన్ల ఏం లేదు చెల్లె, అంత గొట్టంలనే ఉంటది," అనేది అక్క. లోపల డ్రమ్ములో బట్టలు తిరుగుతుంటే వేడిగాలి వాటి తడిని పీల్చుకుంటుంది. ఆ గాలి మిషను వెనకున్న వెండిరంగు గొట్టంలోంచి, గోడకు కొట్టిన బెజ్జం గుండా పెరట్లోకి పోవాలి. గాలితో పాటు బట్టల నుంచి రాలే నూగూ పోతుంది. తలుపు దగ్గరున్న జాలీ కొంత నూగును పట్టేస్తుంది. పట్టనిదంతా గొట్టం మడతల్లో చేరి మెత్తగా పేరుకుంటుంది.

ప్రతి వాయి బట్టల తర్వాత అక్క జాలీ తీసి వేలితో గీకేది. బూడిదరంగు నూగు పాపడం పొరలా లేచి వచ్చేది. అప్పుడప్పుడు, పిల్లలు బడికి పోయాక, ఇద్దరం కలిసి గొట్టం పని పెట్టుకునేవాళ్లం. ముందు ప్లగ్గు తీసేయాలి. మిషనును చెరో వైపు పట్టి ముందుకు లాగాలి. గొట్టం మెడకున్న పట్టీని స్క్రూడ్రైవరుతో వదులు చేసి, దాన్ని నలగకుండా పెరట్లోకి తెచ్చి దులపాలి. పాలసీసాలు కడిగే బ్రష్షును అక్క ఒక పొడుగు కర్రకు కట్టింది. దాన్ని గొట్టంలో తిప్పితే ఉండలు ఉండలుగా వచ్చేది నూగు. అందులో పాప స్కూలు డ్రెస్సు నీలం, మామ ధోవతి తెలుపు, నా కొడుకు టోపీల ఎరుపు కనబడేవి. పెరటి వైపు గోడకు రెక్కల మూత ఉండేది. గాలి వచ్చినప్పుడు తెరుచుకుని, ఆగితే మూసుకునే మూత అది. దాని రెక్కల సందుల్లో ఇరుక్కున్నది అక్క గోటితో తీసేది. అంతా బిగించాక మిషను నడిపి, నన్ను పెరట్లోకి పంపి, మూత ముందు చెయ్యి పెట్టమనేది.

"గాలి తన్నుతుందా చేతికి?"

"తన్నుతుందక్కా."

"గట్ల తన్నాలె. ఆరుడు లేటైనా, మిషను నెత్తి కాలుతున్నా, అర్రల ముక్కిన వాసనొచ్చినా గొట్టం మూసుకపోతుందని లెక్క. ఆడ గల్ఫ్‌ల మా బిల్డింగుల పై ఇల్లు గిట్లనే కాలింది. నేను కండ్లార సూసిన. గప్పటి సంది మర్వలే."

అక్క భర్త, మా బావ, ఆ మిషను వెనక ఏముందో ఎప్పుడూ చూసినవాడు కాదు. మా ఆయనా అంతే. ఆయనకు బస్టాండు వైపు పైపుల దుకాణం ఉంది. నీళ్ల పైపులు, మోరీ పైపులు, బోరు పైపులు అమ్ముతాడు. ఏ పైపులో ఎక్కడ పూడిక పడుతుందో గిరాకీలకు గంటల తరబడి చెప్పగలడు. ఇంట్లో గొట్టం దగ్గర మేమిద్దరం నూగు ఊడుస్తుంటే మాత్రం, "ఆడోళ్లకు పనిలేక ఒక పని," అని దాటిపోయేవాడు.

మామ పోయాక ఇల్లు పంచారు. మోర్తాడ్ నుంచి మా ఆయన మేనమామ వచ్చి పెద్దరికం చేశాడు. పసుపు పండించే మనిషి, నిదానం మాట. ముందరి భాగం అన్నకు, వెనక రెండు గదులూ పెరడూ తమ్ముడికి అన్నాడు. అత్త మా వైపు ఉంటానంది. గొడవేమీ జరగలేదు. అక్క మిషనున్న చిన్న గది వాళ్ల భాగంలోకి పోయింది, దాని గొట్టం మూతి తెరుచుకునే పెరడు మా భాగంలోకి వచ్చింది. ఆ పూట దాని గురించి ఎవరూ అనుకోలేదు.

కొన్నాళ్లకు మా ఆయన పెరట్లో గోదాము కట్టడం మొదలుపెట్టాడు. దుకాణంలో పట్టని పైపులు అక్కడ పెట్టుకోవాలని. మేస్త్రీ దారం కట్టిన రోజు అక్క బయటికి వచ్చి చూసింది. దారం సరిగ్గా రెక్కల మూత ముందు నుంచి పోతోంది.

"తమ్మీ," అంది మా ఆయనతో, "గీ మూతి కాడ మూరెడు జాగ ఇడిసి గోడ లేపుండ్రి. చెయ్యి వట్టాలె, సాఫ్ చేస్కోవాలె."

"మూరెడు ఇడిస్తే నా పైపులెట్ల వడ్తయి వదినె? నాలుగు వేళ్ల సందు ఇడుస్త. గాలే గదా, ఎట్లన్న పోతది."

"గాలి పోతది తమ్మీ. నూగు యాడికి పోవాలె?"

ఆయన మేస్త్రీ వైపు చూసి నవ్వాడు. "నూగు కోసం గోడ ఆపుతరా ఎవలన్న?"

మేస్త్రీ కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. కొంగు నడుముకు దోపుకుని లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ నేను మళ్లీ అడిగాను. అక్క చెప్పింది నిజమేనని, ఆ నూగు తొందరగా అంటుకుంటుందని, మూతి దగ్గర చెయ్యి పట్టకపోతే తీయలేమని. ఆయన ముద్ద కలపడం ఆపి నా వైపు చూశాడు.

"పైపుల దందా చేస్తున్న నేను. గాలి ఎట్ల పోతదో నువ్వు జెప్తవా నాకు?"

"వాళ్లు అడుగుతున్నది మూరెడు జాగే కదా."

"జాగ నాది. పంచినంక నాది. ఇయ్యాల మూరెడు ఇస్తే రేపు దర్వాజ పెడ్తరు."

గోడ లేచింది. సందు నాలుగు వేళ్లు కూడా మిగల్లేదు. వాన నీళ్లు దిగకుండా గోదాము రేకులను ఆ సందు మీదుగా లాగి సిమెంటు పూశారు. గోడ కడుతున్నప్పుడు రాలిన సిమెంటు మాలు రెక్కల మూత మీద పడి గట్టిపడింది. మూత ఇక సగమే తెరుచుకునేది.

బావ అప్పుడు మళ్లీ గల్ఫ్ పోయే తయారీలో ఉన్నాడు. గల్లీ వైపు గోడకు ఇంకో బెజ్జం కొట్టించమని అక్క ఆయన్ను ఎన్నిసార్లు అడిగిందో నేను విన్నాను. ఇల్లు పంచినా మాటలు గోడ దాటి వినబడతాయి. "ఇప్పుడెందుకు లొల్లి? తమ్ముడు ఏమన్న అనుకుంటడు. మల్లొచ్చినప్పుడు సూద్దాం," అనేవాడు ప్రతిసారీ. ఆ గోడ బావ వాటాలోదే, తమ్ముడేమీ అనుకోవడానికి లేదు. అయినా ఆయనకు ఆ ఒక్క మాటే దొరికేది.

అక్క మిషను వాడటం తగ్గించింది. తప్పనిసరైతేనే పెట్టేది. తనవైపు నుంచి గొట్టం ఊడదీసి, చెయ్యి పోయినంత దూరం, బ్రష్షు పోయినంత దూరం శుభ్రం చేసేది. నేను కూడా పోయి పట్టుకునేదాన్ని. గోడ బెజ్జంలోకి తీగ పంపి లాగితే కొంత వచ్చేది. అవతల సందులో పడ్డది మాత్రం ఎవరి చేతికీ అందదు. "ఆడ పరుపు తయారైతుంది చెల్లె," అంది ఒకసారి. నవ్వుతూ అనలేదు.

గోదాములో ఆ గోడ వేడెక్కడం నేనే మొదట చూశాను. పైపులు సర్దుతూ ఆనుకుంటే వీపుకు తగిలింది. ఎండ తగలని గోడ అది. అక్క మిషను నడుస్తోంది అప్పుడు. మా ఆయన్ను పిలుచుకొచ్చి చెయ్యి పెట్టి చూడమన్నాను.

పెట్టాడు. "రేకుల వేడి," అని పోయాడు.

బావ ప్రయాణానికి ముందు మూడు దినాలు ఎడతెగని ముసురు. మూడో దినం మధ్యాహ్నం ఆయన పెట్టె సర్దుకుంటున్నాడు. ఉతికిన ప్యాంట్లు, తువ్వాళ్లు, ఒక దుప్పటి తడిగా ఉన్నాయి. డ్రయర్లో వేయొద్దని అక్క అనడం నాకు మా వంటింట్లోకి వినబడింది. "ఇస్త్రీ చేసిస్త, ఫ్యాను కిందేస్త. దాన్ల మాత్రం వద్దు," అంది.

"ఒక్కసారికి ఏం గాదు. గింత పెద్ద మిషను తెచ్చింది సూసుకుంట కూసునేటందుకా?" అన్నాడు బావ. తానే అన్నీ ఒక్క వాయిగా కుక్కి, బటను నొక్కి, ఎవరినో కలవడానికి బయటికి పోయాడు.

ఎదురింటి ముసలావిడను గల్లీలో అందరం ఖాలా అంటాం, ఉర్దూలో పిన్ని అని. మేడ మీద నిలిచిన వాన నీళ్లు ఊడుస్తున్న ఆమె కేకే ముందు వినబడింది. "ధువా! ధువా! అరే, మీ ఇంట్లకెళ్లి పొగ!" నేను పెరట్లోకి ఉరికేసరికి రేకుల అంచుల్లోంచి పొగ కారుతోంది. గోదాములోకి కాదు, అక్క వైపే పరుగెత్తాను.

ఆమె అప్పటికే ప్లగ్గు లాగేసింది. గది నిండా నల్లటి పొగ, కాలిన జుట్టు లాంటి వాసన. మిషను వెనక గొట్టం ఎర్రగా కనబడుతోంది. పక్కనే గోడకు ఆనించి పాప పుస్తకాల అర ఉంది. మంట దానికి తగులుతుందని అక్క మిషనును ఒక్కతే ముందుకు లాగింది. ఆ లాగుడుకు గొట్టం ఊడింది. లోపల రగులుతున్న నూగంతా ఆమె కుడిచేతి మీద పడింది. ఆమె అరవలేదు. చెయ్యి విదిలిస్తూ, "నీళ్లు, చెల్లె, నీళ్లు," అంది. నేను బకెట్లు పోశాను. ఖాలా కోడలు తడిపిన గోనెసంచి తెచ్చి గొట్టం మీద వేసింది. గల్లీ వాళ్లు రేకు లేపి రెండు గోడల సందులో నీళ్లు కొడితే, చాలాసేపటికి పొగ ఆగింది.

సందులోంచి తడిసి నల్లబడిన నూగును పారతో తీశారు. బకెట్ నిండింది. మా గోదాములో గోడ పక్కన పెట్టిన పైపులు మెత్తబడి వంగిపోయాయి.

పెద్ద దవాఖానలో అక్క చేతికి అరచేతి నుంచి మోచేతి దాకా కట్టు కట్టారు. కట్టు కడుతున్నంతసేపు ఆమె నా భుజాన్ని ఎడమచేత్తో పట్టుకుంది. బావ తలుపు దగ్గర నిలబడి ఫోనులో ప్రయాణం వాయిదా వేసుకుంటున్నాడు.

మర్నాడు మోర్తాడ్ నుంచి మేనమామ వచ్చాడు. కాలిన వాసన పోని ముందరి గదిలోనే అందరం కూర్చున్నాం. అత్త మంచం మీద, అన్నదమ్ములు కుర్చీల్లో, అక్క చాప మీద గోడకు ఆనుకుని, నేను ఆమె పక్కన. ఆయన పరామర్శ అయ్యాక అడిగాడు, "ఎట్లయింది బిడ్డా?"

అక్క నోరు తెరిచే లోపే మా ఆయన అందుకున్నాడు. "ఎట్లయితది మామా? సాఫ్ చేసుకోకుంట వాడితె కాల్తది. నా పైపులన్ని ఖరాబైనయి. నేనేమన్న అంటున్ననా?"

ఎప్పుడూ ఆయన మేనమామ ముందు గొంతు లేపని దాన్ని, ఆ రోజు లేపాను. "అక్క సాఫ్ చేయకుండ ఒక్క వాయి కూడ పెట్టలే మామా. మూరెడు జాగ ఇడువుమన్నది, ఇడువలే. నేను జెప్పిన, నన్ను ఇనలే. గోడ కాగుతుందని చెయ్యి వెట్టి సూపించిన. గీ గోడ ఆ గొట్టం మూతి మూసింది. నిన్న పెట్టొద్దని అక్క అంటనే ఉన్నది, బావ పెట్టిండు."

మేనమామ అక్క వైపు తిరిగాడు. "నిజమేనా బిడ్డా?"

అక్క కట్టున్న చేతిని ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తోంది. బావ గొంతు సవరించుకున్నాడు.

"లేదు మామా," అంది అక్క. "నిన్న నేనే పెట్టిన. ఈ నడుమ సాఫ్ చేయలే. మర్సిపోయిన. తమ్మిది తప్పేం లేదు."

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె చూడలేదు.

అత్త నా వైపు వేలు చూపింది. "సూసినవా? ఇల్లు కాలిందానికన్న ఈమె నోరే ఎక్కువ కాలవెడ్తుంది. అన్నదమ్ముల నడుమ అగ్గి వెడ్తుంది."

మేనమామ టీ తాగి, చెయ్యి జాగ్రత్త అని అక్కకు చెప్పి, బస్సు వేళకు లేచాడు. మా ఆయన ఇంటికొచ్చి తలుపేశాడు. "మా అన్న ముంగట, మామ ముంగట నా ఇజ్జత్ తీసినవ్," అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. అత్త మంచినీళ్లు కావాలన్నా నన్ను కాకుండా పిల్లాడిని పిలిచి అడిగేది.

బావ వెళ్లిపోయాక ఒక పొద్దున అక్క కట్టు విప్పడానికి సాయం పోయాను. చర్మం ముడతలు పడి, గులాబీరంగులో, వేరెవరిదో చెయ్యిలా ఉంది. మందు రాస్తూ అడిగాను, "ఎందుకట్ల చెప్పినవక్కా? నన్ను అబద్ధపుదాన్ని చేసినవ్."

ఆమె తలుపు వైపు చూసి గొంతు తగ్గించి అంది. "ఆయన పోయిండు. పాపకు జరమొస్తే దవాఖానకు తోల్కపోవాలన్నా, మోటరు కరాబైనా, గల్లీల ఎవలన్న ఏమన్న అన్నా నాకు మీ ఇల్లే దిక్కు. మరిదితోని పగ వెట్టుకొని నేనొక్కదాన్ని ఈడ ఎట్ల బతకాలె?"

"నేను లేనా?"

"నువ్వు ఉన్నవ్. నువ్వు ఆయన పెండ్లానివి. ఇయ్యాల కొట్లాడ్తవ్, రేపు కల్సిపోతవ్. నేను బయటిదాన్ని చెల్లె."

నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఆమె మీదో, ఆమె చెప్పింది నిజమైనందుకో ఇప్పటికీ తేల్చుకోలేదు. మందు రాయడం పూర్తిచేసి, కొత్త కట్టు కట్టి వచ్చేశాను. రోజూ పోయేదాన్ని, ఆ తర్వాత అప్పుడప్పుడు పోయాను. ఆమె కూడా పిలవలేదు. మిషనును పాత సామాను కొనేవాడు తీసుకుపోయాడు. అక్క కాలిన చేతి వేళ్లు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. బట్టలు పిండాలంటే ఆమె ఎడమచేత్తో మెలిపెట్టి, మిగతాది మోచేతి కింద నొక్కుతుంది.

రెండు వానాకాలాల తర్వాత మా ఆయన కొత్త డ్రయర్ కొన్నాడు. మిషను బిగించడానికి వచ్చినవాళ్లకు తానే దగ్గరుండి చెప్పాడు. "గొట్టం పొడుగు వద్దు, మలుపులు వద్దు. బయట మూతి కాడ జాగ ఉండాలె, చెయ్యి వట్టాలె. నూగు నిల్వ ఉంటే అగ్గి అంటుకుంటది." ఎక్కడ నేర్చుకున్నాడో నేను అడగలేదు. చుట్టాలొస్తే దాన్ని చూపించి అంతా వివరిస్తాడు. వాళ్లు తలూపుతారు. జాలీ గీకేది, గొట్టం ఊడదీసి దులిపేది, మూత రెక్కలు తుడిచేది నేనే. ఒక్కదాన్నే లాగుతాను మిషనును.

ఈ వానాకాలం ఒకరోజు అక్క తడి దుప్పటితో మా గుమ్మంలో నిలబడింది. పాపకు ఒళ్లు బాగాలేదని, పక్క తడిసిందని, ఇంట్లో వేరే దుప్పటి లేదని చెప్పింది. నేను అందుకోబోతుంటే లోపలి నుంచి మా ఆయన పిలుపు.

"దా వదినె, దా. ఇది మన మిషనే అనుకో. సాఫ్ చేసుకుంట వాడితె ఏం గాదు, ఎరికేనా?" అని నవ్వాడు. ఆయన మనసులో చెడ్డదేమీ ఉన్నట్టు లేదు. తాను చెప్పిన కథనే తాను నమ్మేశాడు.

"సరే తమ్మీ," అంది అక్క. ఆమె కూడా నవ్వింది.

దుప్పటి తిరుగుతున్నంతసేపు ఇద్దరం మిషను ముందు పీటల మీద కూర్చున్నాం. పాప జ్వరం గురించి అడిగాను. చెప్పింది. నా కొడుకు చదువు గురించి అడిగింది. చెప్పాను. ఆరిన దుప్పటి మడతపెట్టి ఇచ్చాను. గుమ్మం దాకా పోయి ఆమె వెనక్కి తిరిగి, లోపల కూర్చున్న ఆయనకు వినబడకుండా, నా చెవి దగ్గరికి వచ్చింది.

"ఆయన అన్నది మనసుల వెట్టుకోకు. మల్ల లొల్లి చెయ్యకు చెల్లె, నీ కాళ్లు మొక్కుత."

నేను లొల్లి చేసేదాన్ని కాదు. మా ఆయన మాటకు నవ్విన మనిషి, ఇంకా నోరు తెరవని నన్ను చూసి భయపడుతోంది. ఆమె దుప్పటిని వాన తగలకుండా కొంగు కింద దాచుకుని, గల్లీలోంచి తమ ముందరి తలుపుకు పరుగులాంటి నడకతో పోయింది. నేను లోపలికొచ్చి జాలీ తీసి గీకాను.